విశ్వవిద్యాలయ లేఖనమున పురుషానురూపత

విశ్వవిద్యాలయము బోధించును, పరీక్షించును, పట్టముల నిచ్చును. ఈ మూడు పనులును లోకమెరిగినవే. నాలుగవ పని యొకటి కలదు. దానిని పనిగా నెవ్వరును లెక్కింపరు. అది వ్రాయుట. ప్రకటనలు, ఉత్తరువులు, ప్రవేశ వివరణ పత్రికలు, ఫలితముల పట్టికలు, వార్షిక నివేదికలు, వార్తాపత్రికలకు పంపు ప్రకటనలు, పూర్వవిద్యార్థులకు లేఖలు, నేడు చేతిఫోనులకు వచ్చు పొట్టి సందేశములు, ఇవి యన్నియు ఏటేట విశ్వవిద్యాలయము రచించు వాఙ్మయము. దీనిని చదువువారి సంఖ్య మన పరిశోధన గ్రంథములను చదువువారి సంఖ్యకన్న ఎన్నియో రెట్లు హెచ్చు. అయినను భాషాసాహిత్య శాఖలవారము దీని గుణదోషములను విచారించుట మన పని కాదని యూరకున్నాము. ప్రబంధములందలి యౌచిత్యమును గూర్చి పుటలు నింపుదుము; పరీక్షా ప్రకటనయందలి యనౌచిత్యము మన కంటబడదు.

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున పదియవ అధ్యాయము రాజశాసన రచనకు సంబంధించినది. శామశాస్త్రిగారు 1909లో ఈ గ్రంథమును ప్రకటించిన నాటినుండి రాజనీతిజ్ఞులును చరిత్రకారులును దానిని తరచి చూచిరి గాని, లేఖనశాస్త్రముగా ఈ యధ్యాయమును చదివినవారు తక్కువ. లేఖకుడు కలము పట్టకముందు లేఖ నందుకొనువాని జాతికులములను, స్థానమును, వయస్సును, చదువును, వృత్తిని, సంపదను, శీలమును, దేశకాలములను, బంధుత్వమును విచారించి, ఆ పురుషునకు అనురూపముగా లేఖను కూర్పవలెనని అందు విధింపబడినది. ఇందు జాతికులముల విచారము నేటి ప్రజాస్వామ్యమునకు తగదు, దానిని విడిచిపెట్టుదము. మిగిలినవానిలో చదువు, వయస్సు, స్థానము, దేశము, కాలము అను నైదింటిని తీసికొందము. ఈ యైదింటిలో ఒక్కదానినైన తలచి వ్రాయబడిన పరీక్షా ప్రకటనలు ఎన్ని యుండునో పాఠకులే యూహింపగలరు.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. భరతుడు నాట్యశాస్త్రమున పాత్రలకు భాషలను విధించినపుడు ప్రధానముగా మాటలాడువానిని బట్టి విధించెను. ఉత్తమ పాత్రలకు సంస్కృతము, ఇతరులకు ప్రాకృత భేదములు. వినువా డెవడైనను రాజు సంస్కృతముననే పలుకును. కౌటిల్యుని లేఖకుడు ఇందుకు భిన్నముగా వినువానిని బట్టి మాటను నిర్ణయించును. గ్రీకు దేశమున అరిస్టాటిల్ కూడ తన వక్తృత్వ శాస్త్రమున, వక్త, విషయము, శ్రోత అను మూడింటిలో ప్రసంగము యొక్క గమ్యము శ్రోతయే యని తేల్చెను. నేటి విశ్వవిద్యాలయ కార్యాలయములు తెలియకయే భరతుని మార్గమున పోవుచున్నవి. తమ హోదాకు తగిన భాష యేదో అది వ్రాయుచున్నవి. అది యెవరికి చేరునను ప్రశ్న వారికి తోచదు. నాటకమున ఈ పద్ధతి రసపోషకము. పరీక్షా రుసుము గడువును గూర్చిన ప్రకటనయందు అది యపకారకము.

మన శాసనములను చూడుడు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో పెక్కింట వంశప్రశస్తి సంస్కృతమున సాగును. పిమ్మట రాజు ఆ విషయమునందలి రాష్ట్రకూట ప్రముఖులగు కుటుంబులను, అనగా గ్రామమున సేద్యము చేసికొను గృహస్థులను, సంబోధించి తన యాజ్ఞను వినిపించును. పొలిమేరలు చెప్పవలసివచ్చినపుడు ఊళ్ల పేళ్లు, చెరువులు, చెట్లు తెలుగు రూపములతోనే వచ్చును. ప్రశస్తి పండితులకును రాజన్యులకును. పొలిమేర రేపు గట్టు తగవు వచ్చినచో అచట నిలువబడు రైతునకు. ఒక్క రాగిరేకు మీదనే ఇరువురు చదువరులు గుర్తింపబడిరి.

నే నీ విషయమును శాస్త్రచర్చగా మాత్రమే తలపెట్టలేదు. పండ్రెండేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న కళాశాలకు ఒక రైతు తన కుమారుని ఫలితపత్రమును మడతలు పెట్టి జేబులో దాచుకొని తెచ్చెను. అన్ని పాఠ్యాంశములకును మార్కులుండెను. ఒక్క దానికెదురుగా రెండు ఆంగ్లాక్షరములు, డబ్ల్యు, హెచ్ అని యుండెను. వాని యర్థము కాగితము వెనుక చీమతలకాయలంత యక్షరములలో ఆంగ్లమున ముద్రింపబడి యుండెను. ఫలితము తాత్కాలికముగా నిలిపియుంచబడినదని దాని తాత్పర్యము. ఊరిలో ఆంగ్లము తెలిసిన మందుల దుకాణము కుర్రవాడు దానిని చూచి, "ఆపేశారంటే పోయినట్టే" అని చెప్పెనట. కుమారుడు ఆ మాట విని, మూడవనాడే ఇల్లు విడిచి పట్టణమున కట్టడపు పనికి పోయెను. "మావోడు నిజంగా తప్పాడా బాబూ?" అని యాతడు నన్నడిగెను. విచారింపగా కళాశాలనుండి ప్రయోగ పరీక్ష మార్కులు సకాలమున చేరకపోవుటయే కారణమని తేలినది. నెల తరువాత ఫలితము వెలువడినది. విద్యార్థి ఉత్తీర్ణుడు. అప్పటికి స్నాతకోత్తర ప్రవేశమునకు గడువు దాటిపోయెను.

ఆ ఫలితపత్రమున అబద్ధ మేదియు లేదు. నియమముల ప్రకారము అది నిర్దుష్టము. దానిని రచించినవారు మనసున నుంచుకొన్న చదువరి పరీక్షాశాఖలోని మరియొక గుమాస్తా. వాస్తవమున దానిని చదివినవాడు ఇంటిలో మొట్టమొదట కళాశాలకు పోయిన యొక బాలుడును, వాని తండ్రియు. "నీ ఫలితము ఇంకను రాలేదు. నీవు తప్పలేదు. కళాశాలనుండి మార్కులు రావలసియున్నవి" అను మూడు వాక్యములు ఆ కాగితముపై నుండదగినవి.

అర్థశాస్త్రము లేఖకు ఆరు గుణములను చెప్పినది: అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము. వీనిలో అర్థక్రమమనగా ప్రధానమైన యర్థమును మొదట నిలుపుట. మన ప్రకటనల రచన దీనికి తలక్రిందు. మొదట సూచికలు, అందు ఉత్తరువుల సంఖ్యలు, తేదీలు. పిమ్మట ఏ నియమము క్రింద ఏ యధికారి సంతృప్తి చెంది ఏమి నిర్ణయించెనో. కట్టకడపట ఎక్కడనో గడువు తేదీ. అధికారికి సూచికలు ముఖ్యము. రేపటి తనిఖీకి అవి కావలెను. విద్యార్థికి తేదీయే ముఖ్యము. ఒక్క కాగితముచే ఇరువురిని తృప్తిపరుప జూచుటచేత విద్యార్థి నష్టపోవుచున్నాడు. ఉత్తరువు వేరు, దానిని తెలియజేయు ప్రకటన వేరు అని యంగీకరించినచో సగము చిక్కు తీరును.

స్పష్టత్వమునకు ఆ గ్రంథము చెప్పిన లక్షణము మిక్కిలి సుందరము: ప్రసిద్ధమైన శబ్దములను ప్రయోగించుట. ఇందు మన తెలుగువారు చేయు పొరపాటొకటి కలదు. ఆంగ్ల ప్రకటనను తెలిగించిన చాలునని తలంతుము. కాని "పునర్మూల్యాంకనము" అను మాట విద్యార్థికి తెలియదు, "రీవాల్యుయేషన్" తెలియును. "అపరాధ రుసుము" అనగా ఏదో తప్పు చేసినందుకు దండుగయని యొక తల్లి భయపడుట నేనెరుగుదును. "లేటు ఫీజు" అన్నచో ఆమెయే వివరించి చెప్పగలదు. "ప్రవేశపత్రము" అను మాటను కళాశాలలో చేరుటకు దరఖాస్తుగా కొందరును, హాల్ టికెట్టుగా కొందరును గ్రహింతురు. భాషాభిమానమున నే నెవ్వరికిని తీసిపోను. అయినను పరిభాషా నిర్మాణమునకు తగిన స్థలము పాఠ్యగ్రంథము. పరీక్షకు మూడు దినముల ముందు వెలువడు ప్రకటన కాదు. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథముల ద్వారమున నిలిపిన పారిభాషిక పదములు నిలిచినవి. ఏలయన అచట ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచి వివరించెను. ప్రకటనకు వ్యాఖ్యాత లేడు.

స్పష్టత్వము పేర వాడుకలోని ప్రతి మాటను దించవలెనా యను శంక కలుగవచ్చును. విద్యార్థులు "సప్లీ" యందురు. ప్రకటనలో అట్లు వ్రాయరాదు. దీనికే ఔదార్యమను గుణము, అనగా గ్రామ్యము కాని మాటల ప్రయోగము, చెప్పబడినది. "సప్లిమెంటరీ పరీక్ష" యనుట ఈ రెండింటికిని మధ్యస్థము. ఈ మధ్యమార్గమును ప్రతి మాటకును వెదకుట తీరిక గలవాని పని కాదు, తెలిసినవాని పని. మన శాఖలు పూనుకొనదగినది.

చదువరిని మరచుట ఒక్క కార్యాలయపు దోషము కాదు. విశ్వవిద్యాలయముల స్థాపనలోనే ఆ బీజము కలదు. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన ఘనత దానిది; అందులకై ఒక యనువాద సంస్థయు 1917లోనే యేర్పడినది. కాని ఆ రాజ్యమున అధికసంఖ్యాకుల మాతృభాషలు తెలుగు, మరాఠీ, కన్నడములు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము తెలుగువారి కొరకే వెలసినది. దాని బోధనభాష ఆంగ్లము. ఒకచోట దేశభాషయే గాని ఇంటిభాష కాదు. మరొకచోట సంస్థ పేరు ప్రజలది, వ్రాత వేరొకరిది. కట్టమంచి రామలింగారెడ్డిగారి వంటి యుపాధ్యక్షులు ఆంగ్లమున ఉపన్యసించియు తెలుగున విమర్శ రచించియు రెండు సభలను మెప్పించిరి. వ్యక్తికి సాధ్యమైనది కార్యాలయమునకు వంశపారంపర్యముగా సంక్రమింపదు.

ఈ చరిత్రలో మలుపు 1982. ఆ సంవత్సరమున హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. 1991నుండి అది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరున ప్రసిద్ధము. దేశమున ఈ విధమైన విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. పూర్వ విద్యార్హత లేనివారు సైతము అర్హత పరీక్షలో నెగ్గి పట్టవిద్యలో చేరు వీలు అది కల్పించినది. ఇచట విద్యార్థికి ప్రతిదినము గురుముఖ దర్శనము లేదు, వ్రాతయే గురువు. తరగతిలో గురువు విద్యార్థి ముఖము చూచి, అర్థము కాలేదని గ్రహించి, మరల చెప్పును. కాగితమున కా కన్నులు లేవు. కనుక దూరవిద్యాపాఠమును వ్రాయువాడు చదువరి యెచట తడబడునో ముందే యూహించి, అచట ఉదాహరణము నుంచవలెను. పాఠము చివర తన్ను తాను పరీక్షించుకొనుటకు ప్రశ్నలు చేర్పవలెను. పగలు పని చేసి రాత్రి చదువుకొను గృహిణిని, కార్మికుని మనసున నుంచుకొనవలెను. పురుషానురూపత ఇచట యలంకారము కాదు, అదియే బోధన. ఈ పాఠ్యరచనా పద్ధతిని మన పరిశోధక విద్యార్థులు భాషాదృష్టితో పరిశీలించినచో మంచి గ్రంథములు వెలువడును.

ఇతర చదువరులను గూర్చి విస్తరింపను. ప్రభుత్వమునకు లెక్కలు కావలెను. అనుబంధ కళాశాలకు ఏ పని ఎప్పటిలోగా ఎవరు చేయవలెనో కావలెను. పూర్వవిద్యార్థికి తాను చదివిన శాఖ నేడేమి చేయుచున్నదో కావలెను. పదేండ్లు పలుకరింపక, మొదటి వాక్యముననే విరాళ మడుగు లేఖ ఎవ్వరి మనసును కరిగింపదు. వార్తాపత్రికను గూర్చి మాత్ర మొక మాట. మన పంపు వార్తలలో ముందు వేదిక నలంకరించినవారి పేళ్లు, బిరుదములు, జ్యోతి ప్రజ్వలనము. ఏ పరిశోధన జరిగెనో చివరి పంక్తిలో. పత్రికవారు స్థలము చాలక క్రిందినుండి కత్తిరింతురు. పేళ్లు మిగులును, పరిశోధన పోవును. పిమ్మట పత్రికలు విద్యావిషయములు వేయవని మనమే వగతుము.

ఇక అన్నింటికన్న చిక్కైన ప్రశ్న. చదువరిని బట్టి మాట మార్చవచ్చును, విషయమును మార్చవచ్చునా? ఒకే సంవత్సరమున ఒకే సంస్థ ప్రవేశ వివరణ పత్రికలో తన ప్రయోగశాలలు సర్వపరికర సంపన్నములని వ్రాయును. ధనసహాయమునకై పంపు నివేదికలో పరికరములు పాతబడి పనికిరాకున్నవని మొరపెట్టును. ఇట్టి రెండు కాగితములను ప్రక్కప్రక్కన చూచిన దినము నాకు కలదు. ఆ రెంటిని రచించినవారు ప్రతిదానిని దాని చదువరికి అనురూపముగనే రచించితిమని వాదింపవచ్చును. కాని అర్థశాస్త్రము లేఖాదోషములలో వ్యాఘాతమును, అనగా పూర్వాపర విరోధమును, చేర్చినది. ఒక లేఖలోని విరోధము దోషమైనపుడు ఒక సంస్థ వ్రాసిన రెండు లేఖలలోని విరోధము దోషము కాకపోదు. క్రమము, పదము, పరిమాణము, ఉదాహరణము చదువరి కొరకు మారవచ్చును. తేదీ, రుసుము, లోపము, ఫలితము మారరాదు. 2005నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ విభాగము ప్రభుత్వాధికార సంస్థలు అడుగకయే వెల్లడింపవలసిన విషయములను పేర్కొనుచు, ఆ వెల్లడియందు స్థానిక భాషను, ఆ ప్రాంతమున ఫలవంతమగు ప్రచార పద్ధతిని దృష్టియందుంచుకొనవలెనని చెప్పుచున్నది. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచు వీలు నేడు ప్రతి పౌరునకును చట్టము వలన లభించినది.

కౌటిల్యుడు శాసనభేదములను లెక్కించుచు ప్రతిలేఖమును, అనగా ప్రత్యుత్తరమును, వేరుగా పేర్కొనెను. వచ్చిన లేఖను ఉన్నదున్నట్లు చూచి, దానిని మరల పలికి విచారించి, ఆ పిమ్మటనే బదులు వ్రాయవలెనని అతని విధి. నే నిదివరలో చెప్పిన రైతు తన కుమారునికి ప్రవేశమున గడువు సడలింపుమని నాచేత నొక విన్నపము వ్రాయించి పంపెను. ఏ పరిస్థితిలో గడువు దాటెనో అందు నాలుగు వాక్యములలో తెలుగున విన్నవింపబడెను. ఆరు వారముల పిమ్మట అచ్చువేసిన యొక కార్డు ఆంగ్లమున వచ్చెను. ఫలితములను గూర్చిన విచారణలకు ఫలితపత్రము వెనుక ముద్రింపబడిన సూచనలను చూచుకొనవలెనని అందు ఉండెను.