చీటీలో వచ్చిన పాట

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యాక ఎందరో రోజుకో పాట పంచుకున్నారు. వాటిలో చీటీ తీసినట్టు ఎంచిన పాటకే నా ఓటు. నచ్చినవే ఏరుకుంటే మళ్లీ మళ్లీ అదే పదిమంది గాయకుల దగ్గరికి చేరతాం. చీటీ అలా కాదు, ఘంటసాల పద్యం పక్కనే ఎన్నడూ వినని జానపదాన్ని తెచ్చి పెడుతుంది. తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో, రేపు ఏ పాటో అనే ఎదురుచూపే పెద్ద ఊరట.

పాటల యాప్‌లో వరుస కలిపేసి వినిపించే షఫుల్ ఉందిగా అనొచ్చు. ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే వస్తున్నాయని శ్రోతలు అనడంతో, స్పాటిఫై యాప్ 2014లో వాటిని దూరదూరంగా పేర్చేలా షఫుల్‌ను మార్చింది. అంటే అదీ పూర్తిగా చీటీ కాదు. పైగా యాప్ పాట మన చెవికే. పంపిన పాట అవతలివారిని పలకరిస్తుంది. చావు కబురు విన్న ఇంటికి హుషారు పాట వెళితేనో? ఆ భయం న్యాయమైనదే. అందుకే ఇష్టపడి చేరినవాళ్లకే పంపండి, విన్నారా అని వెంటపడకండి.