సైకిలు సవారి

మందమర్రి సింగరేణి బొగ్గుగనుల ఊరు. ఇచ్చట పని మూడు షిఫ్టులుగా నడచును. రాత్రి షిఫ్టు ముగించివచ్చిన తండ్రి పగలు నిద్రించు నింట బాలుడు పాఠమునైనను గొంతెత్తి చదువజాలడు. ఆటపాటల మాట చెప్పనేల? పరీక్షలు సమీపించుకొలది, లోపల అణచుకొన్న దిగులు తలనొప్పిగను నిద్రలేమిగను బయటపడుటను మేము చూచుచున్నాము.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామము చెప్పినది. అందుకు సైకిలే తగినదని మా యభిప్రాయము. త్రొక్కునపుడు మెదడునకు రక్తప్రసారము హెచ్చును. ఎండార్ఫినులను పదార్థములు పుట్టి మనస్సు తేలికపడును. మరియు తూకము నిలుపుకొనుచు గోతులు తప్పించుకొనువానికి లెక్కల పరీక్షను తలచుకొన తీరిక యుండదు గదా! రష్యా రచయిత టాల్‌స్టాయి 1895లో కడగొట్టు కుమారుని పోగొట్టుకొని, అరువదియైదేండ్లు దాటిన ప్రాయమున, ఆ యేడే సైకిలు నేర్చెను.

పెద్ద సైకిలు కడ్డీక్రింద కాలు దూర్చి నేర్చుకొను పిల్లవాడు మోకాళ్లు చీరుకొనును, ఏడ్చును, మరునాడు మరల ఎక్కును. నిరుడు పలుకుటకే జంకినవాడు తరగతిలో లేచి నిలుచుట మే మెరుగుదుము. బాలికలకును ఇది తగినదే.

బొగ్గులారీల దారి మాత్రము విడువుడు. బ్రేకులు చూచుకొని, వేసవిలో ఎండ తగ్గిన పిమ్మట బయలుదేరుడు. అప్పటికి తండ్రి నిద్రలేచియుండును, చెప్పి వెళ్లుడు.