పొలిమేర దాటని గ్రామం

ఇంగ్లండు వెళ్ళినవారు లండను నగరాన్ని, ఆక్స్‌ఫర్డు విద్యాలయాలను, స్ట్రాట్‌ఫర్డులో షేక్స్పియరు పుట్టిన ఇంటిని చూచి వస్తారు. నేనూ అవన్నీ చూచాను. కాని తిరిగివచ్చిన తరువాత నా విద్యార్థులు, ‘‘ఏమి చూచి వచ్చారు మాస్టారూ?’’ అని అడిగినప్పుడు మొదట నా నోట వచ్చినది ఒక చిన్న పల్లె పేరు. ఇంగ్లీషు అక్షరాలను నమ్మి చదివితే ‘ఇయాం’ అనవలె. ఊరివారు మాత్రం ‘ఈమ్’ అంటారు.

షెఫీల్డు నగరానికి నైరుతి దిక్కున, డెర్బీషైరు కొండల నడుమ ఉన్నదీ గ్రామం. జనసంఖ్య వేయికి లోపే. బస్సు కొండదారిన పోతూ ఉంటే రెండు ప్రక్కలా రాళ్ళు పేర్చిన గోడలు, వాటి వెనుక మేస్తున్న గొర్రెలు. ఊరి నడుమ సెయింట్ లారెన్సు చర్చి. దాని ఆవరణలో పన్నెండు వందల ఏండ్లనాటి రాతి శిలువ. చర్చి ప్రక్కనే పూలతీగెలు ప్రాకిన కొన్ని ఇండ్లు. ముచ్చటపడి దగ్గరకు పోతే, వాటి ముందు పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట ఎవరెవరు ఏనాడు మరణించారో వాటిపై వ్రాసి ఉన్నది. వారందరూ 1665, 1666 సంవత్సరాలలో పోయినవారే.

ఆ కాలంలో లండనులో ప్లేగు విలయతాండవం చేస్తున్నది. అక్కడినుండి ఈ ఊరి దర్జీ ఇంటికి ఒక బట్టల మూట వచ్చినదట. చెమ్మగా ఉన్న ఆ బట్టలను నెగడు దగ్గర ఆరబెట్టిన పనివాడు జార్జి వికర్సు. వాటిలో దాగిన ఈగపేళ్ళే వ్యాధిని తెచ్చినవని చెబుతారు. 1665 సెప్టెంబరు 7న అతనిని ఖననం చేశారు. చలికాలంలో కొంత నెమ్మదించిన మహమ్మారి మరుసటి వేసవిలో మళ్ళీ విజృంభించినది.

అప్పుడు చర్చి మతాధికారిగా ఉన్నవాడు విలియం మాంపెసన్. వయస్సు ఇరువది ఎనిమిది, ఊరికి క్రొత్త. అతనికి ముందు ఊరివారి గౌరవం పొందినవాడు తామస్ స్టాన్లీ. మతాచార విషయమై రాజశాసనానికి ఒప్పుకొనక పదవి కోల్పోయినవాడు. మతభేదంతో ఎడమొగం పెడమొగంగా ఉండవలసిన ఈ ఇరువురూ 1666 జూనులో ఒక్కటై జనులకు మూడు మాటలు చెప్పారు: మృతులను ఎవరికి వారు తమ తోటలలోనో, పొలాలలోనో పూడ్చుకొనవలె, ప్రార్థన చర్చిలో గాక ఆరుబయట లోయలో, కుటుంబానికి కుటుంబానికి ఎడముగా నిలిచి జరుపుకొనవలె, ఎవ్వరూ ఊరి పొలిమేర దాటరాదు.

గోడ లేదు. కావలి సైనికులు లేరు. ఉన్నది ఇచ్చిన మాట ఒక్కటే.

ఊరి దక్షిణాన స్టోనీ మిడిల్టన్‌కు పోయే కాలిబాటలో ఒక పొలిమేర రాయి ఉన్నది. దానిలో ఆరు గుంటలు. ఊరివారు ఆ గుంటలలో వినిగరు పోసి, అందులో నాణెములు ఉంచి పోతే, పొరుగూరివారు ఆహారం పెట్టి ఆ డబ్బు తీసికొనేవారు. గుంటల అంచులు నేడు నునుపుదేరి ఉన్నవి. ఒకదానిలో వ్రేలు ఉంచి చూచాను. వ్రేలి కొన చల్లబడినది.

తూర్పున అరమైలు దూరంలో, పొలం నడుమ, చిన్న గుండ్రని గోడలో కొన్ని సమాధి రాళ్ళు ఉన్నవి. ఎలిజబెత్ హాంకాక్ అనే గృహిణి 1666 ఆగస్టులో ఎనిమిది దినాలలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతో పాతిపెట్టిన చోటు అది. అదే నెల 25న మాంపెసన్ భార్య కాథరిన్ మరణించినది. నవంబరు నాటికి పోయినవారు 260 మంది. ఊరి జనం 350 అని పూర్వులు వ్రాశారు. 700కు తక్కువ ఉండదని ఇటీవలి పరిశోధకులు అంటారు.

దగ్గరలోనే చాట్స్‌వర్తు సౌధం ఉన్నది. ఆ విపత్కాలంలో ఈమ్‌కు ఆహారం పంపిన డెవన్‌షైరు ప్రభువుల నివాసం అది. 1687 నుండి తిరిగి కట్టిన భవనమే నేడు మనం చూచేది. చిత్రములు, శిల్పములు, జలయంత్రములు కన్నులు మిరుమిట్లు గొలుపుతాయి. పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడి డ్యూకు ఒకాయన తన ఉద్యానపు అందానికి అడ్డమని ఎడెన్సర్ అనే పల్లెను అక్కడినుండి తొలగించి వేరొకచోట కట్టించాడు. ఒక ఊరు ప్రభువు ఇచ్ఛకు కదలినది. మరొక ఊరు తన ఇచ్ఛతో కదలక నిలిచినది. చూచుటకు టిక్కెట్టు కొన్నది మొదటిదానికి సంబంధించిన మేడను. మనస్సులో నిలిచినది రెండవ ఊరి రాయి.

అయితే ఉపాధ్యాయుడైనవాడు కథను కథగా వదలరాదు. కలిగినవారు కొందరు ముందే ఊరు విడిచారు. మాంపెసన్ తన ఇద్దరు బిడ్డలను దూరప్రాంతానికి పంపివేశాడు. కాథరిన్ మాత్రం భర్తను విడిచి పోనన్నది. అందరూ ఒకచోట ఉండుటవలననే మరణాలు హెచ్చినవేమో అని సందేహించిన చరిత్రకారులున్నారు. తరువాతి రచయితలు కథకు రంగులు అద్దిన మాటా నిజమే. పోవుటకు వేరొక చోటు లేనివారే ఎక్కువగా మిగిలి ఉంటారు. ఇవన్నీ విన్న తరువాత ఆ త్యాగం తగ్గుతుందా? నాకు తగ్గినట్లు తోచలేదు. భయపడినవారే, బిడ్డలపై మమకారం ఉన్నవారే ఆ మాట నిలుపుకొన్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు మన తెలుగు పల్లెలలో పొలిమేరల వద్ద ముళ్ళకంపలు అడ్డువేసి బయటివారిని రానీయలేదు. అది సహజమే, తప్పుపట్టను. కాని ఆ కంప ఇతరుల కాలికి అడ్డం. ఈమ్ ప్రజలు వేసికొన్న కంప కంటికి కనబడదు. అది తమ కాలికే అడ్డం.

ప్రతి సంవత్సరం ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలో ఊరివారు నేటికీ ప్రార్థనకు కూడుతారు. యుద్ధముల తేదీలు పిల్లలచేత వల్లెవేయించే మనం, ఒక్కనాడు ఈ ఆరు గుంటల రాయిని గురించి చెప్పి, ‘‘మీరైతే ఏమి చేసేవారు?’’ అని అడిగి చూడవచ్చును. నేను అడిగాను. తరగతిలో చాలసేపు ఎవరూ మాటాడలేదు.