కోవిడ్-19 వైరస్ జన్యు వైవిధ్యం - చికిత్సలు, టీకాలు

కోవిడ్-19 వ్యాధిని కలిగించే సార్స్-కోవ్-2 వైరస్ యొక్క జన్యుపదార్థంలో కాలక్రమేణా ఏర్పడిన భేదాలను ఆ వైరస్ జన్యు వైవిధ్యం అంటారు. ఈ భేదాల వలన కొన్ని మందులు నిరుపయోగమైనాయి. కొన్ని యథాతథంగా పనిచేశాయి. టీకాల రక్షణ కొంత తగ్గి, కొంత నిలిచింది. మందు గానీ టీకా గానీ వైరస్‌లోని ఏ భాగాన్ని లక్ష్యంగా చేసుకొన్నదన్న విషయమే ఇందుకు ముఖ్య కారణం.

మార్పులు ఏర్పడే విధానం

ఈ వైరస్ జన్యుపదార్థం సుమారు 30,000 అక్షరాల పొడవు గల ఆర్.ఎన్.ఏ. గొలుసు. వైరస్ మానవ కణంలో ప్రవేశించిన తరువాత ఈ గొలుసుకు అసంఖ్యాకంగా నకళ్ళు తయారవుతాయి. పూర్వం తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాసేటపుడు లేఖకుని చేతిలో అక్షరాలు మారినట్లే ఇక్కడ కూడా తప్పులు దొర్లుతాయి. వీటిని ఉత్పరివర్తనాలు అంటారు. కరోనా వైరస్‌లలో ఇటువంటి తప్పులను సరిదిద్దే ఎంజైము ఉన్నందున ఇవి ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కంటే నెమ్మదిగా మారుతాయి. అయితే వ్యాధి కోట్లాది మందికి సోకినపుడు తప్పుల సంఖ్య కూడా పెరుగుతుంది. వాటిలో వైరస్ వ్యాప్తికి గానీ, అది రోగనిరోధక శక్తిని తప్పించుకొనుటకు గానీ తోడ్పడేవి నిలిచి వ్యాపిస్తాయి.

2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ అని పేరు పెట్టిన రూపాంతరంలో, ఒక్క స్పైక్ ప్రోటీనులోనే 30కి పైగా మార్పులు ఉన్నాయి. వైరస్ మానవ కణానికి అతుక్కొనేది ఈ ప్రోటీను సహాయంతోనే.

ప్రతిరక్షక ఔషధాలు

ప్రయోగశాలలో తయారుచేసిన ఏకరూప ప్రతిరక్షకాలు స్పైక్ ప్రోటీనులోని ఒక చిన్న భాగానికి తాళానికి తాళంచెవి వలె అమరుతాయి. ఆ భాగం మారితే మందు పట్టు తప్పుతుంది. అమెరికాలో బామ్లనివిమాబ్‌ను ఒంటరిగా వాడేందుకు ఇచ్చిన అనుమతి 2021 ఏప్రిల్‌లో రద్దయింది. తొలి ఒమిక్రాన్‌పై పనిచేసిన సోట్రోవిమాబ్ వాడకం, దాని ఉపరూపమైన బిఎ.2 వ్యాపించడంతో 2022 ఏప్రిల్‌లో అక్కడ నిలిచిపోయింది. అవయవ మార్పిడి చేయించుకొన్నవారి వంటి రోగులలో టీకా తగినంత రక్షణ ఇవ్వకపోవచ్చు. కనుక ఈ మందులు పోవడం వలన ఎక్కువగా నష్టపోయినది వారే.

వైరస్ లోపలి భాగాలపై పనిచేసే మందులు

రెమ్డెసివిర్ వైరస్ నకళ్ళు తీసే ఎంజైమును, నిర్మాట్రెల్విర్ వైరస్ ప్రోటీన్లను ముక్కలుగా కత్తిరించే ఎంజైమును అడ్డుకొంటాయి. ఈ ఎంజైముల కీలక భాగాలు మారితే వైరస్ మనుగడకే హాని కలుగవచ్చు. అందువలన అవి అంతగా మారలేదు. ఈ మందులు ఒమిక్రాన్‌పై కూడా పనిచేశాయి. డెక్సామెథసోన్ వైరస్‌పై గాక రోగి శరీరంలోని తీవ్ర ప్రతిస్పందనపై పనిచేస్తుంది కనుక వైరస్‌లోని మార్పులు దానిని నేరుగా ప్రభావితం చేయవు.

టీకాలు

తొలి టీకాలు మహమ్మారి ఆరంభ దశలోని వైరస్ ఆధారంగా రూపొందాయి. కోవిషీల్డ్ వంటివి స్పైక్ ప్రోటీనును మాత్రమే శరీరానికి పరిచయం చేస్తాయి. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌లో నిర్జీవం చేసిన పూర్తి వైరస్ ఉంటుంది. ఒమిక్రాన్ వచ్చిన తరువాత టీకా పొందినవారికి కూడా వ్యాధి సోకడం ఎక్కువైంది. కారణం, పాత ప్రతిరక్షకాలు మారిన స్పైక్‌ను సరిగా పట్టుకోలేకపోవడం. అయితే టి-కణాలు వైరస్ ప్రోటీన్లలోని అనేక ముక్కలను గుర్తిస్తాయి. వాటిలో అధికభాగం మారనందున తీవ్రవ్యాధి నుండి, మరణం నుండి రక్షణ చాలావరకు నిలిచింది.

2022లో పాత రూపాన్ని, ఒమిక్రాన్‌ను కలిపిన టీకాలు వచ్చాయి. 2023లో ఎక్స్‌బిబి.1.5కు, 2024లో జెఎన్.1 వంశానికి అనుగుణంగా టీకాలను మార్చారు.

జన్యుక్రమ పరిశీలన

ఏ రూపాంతరం వ్యాపిస్తున్నదో తెలియనిదే ఏ ప్రతిరక్షక ఔషధం పనికివస్తుందో, టీకాను ఎప్పుడు మార్చాలో నిర్ణయించడం కష్టం. ఇందుకై భారతదేశంలో 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అనే ప్రయోగశాలల కూటమి ఏర్పడింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. సంస్థలు ఇందులో భాగస్వాములు.