ఊరి పద్దులో మన మాట

ఇంటి ఖర్చుల లెక్క వేయడంలో ఆడవాళ్లను మించినవాళ్లు లేరంటారు. మరి ఊరి బడ్జెట్ మాటేమిటి? "అవన్నీ మనకెందుకులే" అనేస్తాం!

ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని ఉన్న తార్నాకనే చూడండి. 2009లో గ్రేటర్ హైదరాబాద్ తొలి మేయరైన బండ కార్తీకరెడ్డి ఈ డివిజన్ నుంచే గెలిచారు. 2021లో డిప్యూటీ మేయరైన మోతె శ్రీలతా రెడ్డి కూడా ఇక్కడి నుంచే కార్పొరేటర్‌గా గెలిచారు. ఒక్క డివిజన్ నుంచి ఇద్దరు మహిళలు! అయినా 2020 ఎన్నికల్లో నగరంలో సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ బూత్ గడప తొక్కలేదు. కుర్చీ దక్కింది సరే, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో మనం చెప్పవద్దా?

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో ఆ పనే మొదలైంది. పేటపేటకూ సభలు పెట్టి, ముందు మురుగుకాల్వలా, రోడ్లా అన్నది జనాన్నే తేల్చమన్నారు. మన దేశంలో పుణె కార్పొరేషన్ 2006లో ఈ పద్ధతి చేపట్టింది. ఫుట్‌పాత్, వీధి దీపాల్లాంటి చిన్న పనులు కావాలని అక్కడివాళ్లు బడ్జెట్‌కు ముందే వార్డు ఆఫీసులో దరఖాస్తు ఇస్తారు.

మనకూ ఆధారం ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది.

చీకటిపడ్డాక క్యాంపస్ నుంచి నడిచొచ్చే అమ్మాయికి ఏ మలుపులో దీపం కావాలో ఆ వీధి ఆడవాళ్లకే బాగా తెలుసు. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అప్పుడడిగితే పద్దులు అయిపోయి ఉంటాయి. అందుకే దీపావళి వెళ్లగానే నలుగురూ కూర్చోండి. ముఖ్యమైన మూడు పనులు రాసి, అందరూ సంతకాలు చేసి వార్డు ఆఫీసులో ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మాత్రం మరచిపోకండి!