రేఖాంశ భేదం: కాలమే కొలబద్ద

భూమిపై ఒక ఊరు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నదని తెలిపేది అక్షాంశం కాగా, గ్రీనిచ్ మీదుగా పోయే మూలరేఖకు ఎన్ని డిగ్రీలు తూర్పునో పడమరనో ఉన్నదని తెలిపేది రేఖాంశం. ఉత్తరార్ధగోళంలో ధ్రువనక్షత్రం ఎత్తును బట్టి అక్షాంశం తెలుసుకోవచ్చు గాని, భూమి నిరంతరం తిరుగుతుండడం వల్ల రేఖాంశానికి ఆకాశంలో అటువంటి స్థిరమైన గుర్తు లేదు. అందుచేత దానిని కాలంతో కొలవవలసి వచ్చింది.

సూర్యుణ్ణి బట్టి చూస్తే భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. హైదరాబాదు సుమారు 78.5, విశాఖపట్నం సుమారు 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్నందున భేదం 4.8 డిగ్రీలు, అంటే విశాఖలో సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటిన దాదాపు 19 నిమిషాలకు గాని హైదరాబాదులో దాటడు. రెండుచోట్లా గడియారం ఒకే సమయం చూపడానికి కారణం, దేశమంతటికీ 82.5 డిగ్రీల రేఖపై కాలాన్నే ప్రామాణికంగా తీసుకోవడం. రెండు ఊళ్లూ మూలరేఖకు ఒకే వైపున ఉంటే రేఖాంశాలను తీసివేయాలి, చెరొక వైపున ఉంటే కూడాలి, మొత్తం 180 దాటితే దానిని 360 నుండి తీసివేయాలి. హైదరాబాదుకూ, 122.4 డిగ్రీల పడమర ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోకూ మొత్తం 200.9 కనుక భేదం 159.1 డిగ్రీలు.

లెక్క ఇంత సులువైనా, ఒకే క్షణాన రెండుచోట్లా స్థానిక కాలం ఎంతో తెలుసుకోవడమే అసలు కష్టం. చంద్రగ్రహణంలో భూమి నీడ చంద్రునిపైనే పడుతుంది కనుక, అది కనబడే ప్రతి ఊరికీ ఒకే క్షణాన మొదలవుతుంది. ఉజ్జయిని రేఖను మూలంగా గ్రహించిన సూర్యసిద్ధాంతం ఈ ఉపాయాన్నే చెప్పింది: ఆ రేఖకు గణించిన వేళకన్నా గ్రహణం స్థానిక కాలం ప్రకారం ఆలస్యంగా కనబడిన ఊరు తూర్పున, ముందుగా కనబడినది పడమర ఉన్నట్లు. ఘడియ అంటే 24 నిమిషాలు కనుక ఘడియ తేడాకు 6 డిగ్రీలు, పది విఘడియలకు ఒక డిగ్రీ; ఊరి రేఖాంశాన్ని బట్టి పంచాంగకర్తలు చేసే దేశాంతర సంస్కారానికి ఆధారం ఇదే.

అయితే నీడ అంచు మసకగా ఉండడం వల్ల గ్రహణారంభాన్ని కచ్చితంగా పట్టడం కష్టం; ఒక్క నిమిషం పొరపాటు తెలుగునాట సుమారు 26 కిలోమీటర్ల దోషమవుతుంది. తరువాతి కాలంలో, 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహ చంద్రుల గ్రహణాలు తరచుగా సంభవించేవి కావడంతో నేలపై కొలతలకు అక్కరకు వచ్చాయి. మద్రాసు వేధశాల రేఖాంశాన్ని ఖగోళవేత్త గోల్డింగ్‌హామ్ నిర్ణయించడానికి ఉపకరించినవి అవే. ఊగే ఓడలో దూరదర్శిని నిలవదు కనుక, బయలుదేరిన రేవు కాలాన్ని తప్పకుండా మోసుకుపోయే గడియారాన్ని జాన్ హారిసన్ నిర్మించగా, 1761లో జమైకాకు సాగిన ఓడలో దానిని పరీక్షించారు. నేటి ఉపగ్రహ వ్యవస్థలు సైతం పరమాణు గడియారాల సంకేతాలు ఎంతసేపటికి చేరాయో కొలిచే స్థానాన్ని చెబుతాయి కనుక, కాలాన్ని ఎంత సూక్ష్మంగా కొలవగలిగితే భూమిపై చోటును అంత కచ్చితంగా గుర్తించగలమన్న సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.