పోర్చుగీసులను ఒక్కటి చేసినదేది?

పోర్చుగీసులు ఎవరి సంతతి అంటే చాలాకాలంగా వినిపిస్తున్న జవాబు ఒకటుంది: రోమన్లను ఎదిరించిన లుసిటానుల సంతతి అని. ఆ తెగ నాయకుడు విరియాతు క్రీ.పూ. 139లో సొంత మనుషుల చేతుల్లోనే హతుడయ్యాడు. 1572లో కమోయిష్ తన మహాకావ్యానికి ఆ తెగ పేరే పెట్టడంతో ఈ నమ్మకం మరింత పాతుకుపోయింది. కానీ పటం ముందు పెట్టుకుని చూస్తే ఇది నిలవదు. రోమన్ల లుసిటానియాకు రాజధాని అయిన మెరిదా ఇవాళ స్పెయిన్‌లో ఉంది. పోర్చుగల్ రాజ్యానికి బీజం పడ్డ గిమరైన్ష్ ప్రాంతమేమో డౌరో నదికి ఉత్తరాన, లుసిటానియా ఎల్లలకు అవతల ఉంది. పోర్చుగీసులను ఒక జాతిగా మలచింది వంశం కాదనీ, ముందుగా స్థిరపడిన రాజ్యమూ దాని సరిహద్దులూ అనీ నా వాదన.

జన్యుశాస్త్రం ఈ వాదనకు గట్టి ఆధారాలిస్తోంది. స్పెయిన్, పోర్చుగల్‌లున్న ఐబీరియా ద్వీపకల్పంలో దొరికిన ప్రాచీన అస్థికల డీఎన్‌ఏను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, క్రీ.పూ. 2000 నాటికి అక్కడి జనం వారసత్వంలో సుమారు 40 శాతం బయటివారిదైంది. వారి మూలాలు నల్లసముద్రానికి ఉత్తరానున్న గడ్డిమైదానాలవి. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే వై క్రోమోజోములైతే దాదాపు పూర్తిగా మారిపోయాయి. అంటే లుసిటానులే కలగలుపు జనం. ఇప్పటి ఐబీరియా మగవారి వై క్రోమోజోములపై 2008లో వచ్చిన మరో అధ్యయనం, సుమారు 20 శాతం యూదుల నుంచీ, 10 శాతానికి పైగా ఉత్తర ఆఫ్రికా నుంచీ వచ్చాయని లెక్కగట్టింది. ఇందులో మొదటి అంకెపై వచ్చిన అభ్యంతరం న్యాయమైనదే. పశ్చిమాసియా నుంచి తొలి రైతులూ, ఆ తర్వాత ఫినీషియన్ వర్తకులూ తెచ్చిన వంశాలు కూడా యూదుల ఖాతాలో పడి ఉండొచ్చు. ఆ అంకెను తగ్గించినా కలయిక మాత్రం అబద్ధం కాదు. ముస్లిం పాలన 1492 దాకా నిలిచిన గ్రనడా వైపు కన్నా, తొందరగా చేజారిన గలీసియా వైపే ఉత్తర ఆఫ్రికా పాలు ఎక్కువగా కనిపిస్తోంది. జనం ఎంతగా చెల్లాచెదురయ్యారో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు.

అసలు పరీక్ష మిన్యో నది దగ్గరుంది. నదికి ఉత్తరాన స్పెయిన్‌లోని గలీసియా, దక్షిణాన పోర్చుగల్. జన్యువుల్లో పోర్చుగీసులకు అతి దగ్గరివారు గలీసియన్లే. 13వ శతాబ్దంలో రెండు ఒడ్డుల కవులూ ఒకే భాషలో పాటలు కట్టారు. రక్తమో భాషో జాతిని నిర్ణయించేట్టయితే వీళ్లంతా ఒక్కటి కావాలి. కాలేదు. 1143లో పోర్చుగల్‌ను ఏలుతున్న అఫోన్సు ఎన్రికెష్‌ను పొరుగు రాజ్యమైన లెయోన్ పాలకుడు రాజుగా గుర్తించాడు. 1249లో దక్షిణాన అల్‌గార్వ్ చేతికొచ్చింది. 1297 ఒప్పందంతో దాదాపు ఇప్పటి సరిహద్దే ఖాయమైంది. శతాబ్దాల పాటు అరబ్బీ వినిపించిన అల్‌గార్వ్ వాసి పోర్చుగీసు అయ్యాడు, నది అవతలి బంధువు కాలేదు. మరి రాజ్యాన్ని నిలిపింది భాషే కదా అని ఎవరైనా అడగొచ్చు. దినీష్ రాజు దేశభాషను రాజపత్రాల్లోకి తెచ్చిన మాట నిజమే. కానీ పోర్చుగల్‌లోనే మిరాందా ప్రాంతంలో లెయోన్ భాషా కుటుంబానికి చెందిన మిరాందేశ్ ఈనాటికీ బతికుంది, 1999లో చట్టం దాన్ని గుర్తించింది కూడా. అది మాట్లాడేవారు పోర్చుగీసులు కారని అక్కడ ఎవరూ అనరు.

రాజ్యం కలిపిందంటే ప్రేమతో కలిపిందని కాదు. 1497లో యూదులను బలవంతంగా క్రైస్తవులను చేశారు. మత విచారణ సభలు వారి వంటిళ్లలోకి కూడా తొంగిచూశాయి. ఉత్తరాదిన అల్యైరా అనే సాసేజ్ ఉంది. పంది మాంసం తింటున్నట్టు కనిపించడానికి మతం మారినవారు కోడిమాంసం, రొట్టె కూరి దాన్ని చేశారని చెప్పుకుంటారు. ఆ కథ నిజమైనా కాకున్నా భయం మాత్రం నిజం: పాత క్రైస్తవులు, కొత్త క్రైస్తవులు అన్న తేడాను చట్టం 1773లో గానీ రద్దు చేయలేదు. ఆ వేధింపులతో దేశం విడిచిన యూదుల వారసులకు పౌరసత్వం ఇస్తూ పోర్చుగల్ 2013లో చట్టం చేసింది. అందులో ఆధారాలుగా అడిగినవి ఇంటిపేరు, ఇంట్లో మాట్లాడే భాష, వంశక్రమం. జన్యు పరీక్ష ఊసే అందులో లేదు.